కొత్తగా చేరిన టీచర్‌కి బడిలో ఎవరు తోడు?

వలిసెపూలు_ఎస్జీటీ

మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రైమరీ టీచర్‌గా) సెలెక్ట్ అయ్యి అక్టోబర్ 13న జాయిన్ అయ్యాను. మాది అనకాపల్లి వైపు. పోస్టింగ్ పాడేరు డివిజన్‌లో లోపలి ఊరు. 1 నుంచి 5 వరకు 31 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. రెండో ఆయన సీనియర్, చాలా మంచివారు. కానీ నేను చేరిన నాలుగో రోజే ఆయన్ని వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద పక్క స్కూల్‌కి వేశారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తారు. మిగతా రోజులు నేనొక్కదాన్నే.

దసరా అయ్యాక ట్రైనింగ్ ఇచ్చారు. పాఠ్య ప్రణాళిక, లీప్ అనే స్కూల్ యాప్, సర్వీసు రూల్స్ అన్నీ చెప్పారు. బాగానే చెప్పారు. కానీ ఐదు తరగతులు ఒకే గదిలో ఉంటే పొద్దున్నే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చూపించలేదు.

నిన్నటి సంగతి చెబుతాను. మూడో తరగతికి 52లోంచి 27 తీసివేత చెబుతున్నాను. పదుల దగ్గర అప్పు తెచ్చి 12 అని బోర్డు మీద రాసేసరికి ఒకటో తరగతి బాబు బలపం పోయిందని ఏడుపు. వాడికి బలపం వెతికి ఇచ్చి వచ్చేలోగా నాలుగో తరగతివాళ్లు ఇద్దరు కిటికీ ఎక్కారు. వాళ్లను దింపి వెనక్కి తిరిగితే, మూడో తరగతి పిల్లలు బోర్డు మీదున్నది ఉన్నట్టు దించుకున్నారు. నేను కొట్టేసిన గీత కూడా అలాగే గీసుకున్నారు. అంత శ్రద్ధగా రాశారు, ఒక్కరికీ లెక్క అర్థం కాలేదు. పిల్లలు వెళ్లాక గదిలో కూర్చుని ఏడ్చాను.

ఇంకో బాధ భాష. మొదటి వారం హాజరు పిలుస్తుంటే ఒక పాప లేచి ‘నాయ్’ అంది. మళ్లీ పిలిచాను, మళ్లీ ‘నాయ్’. వెక్కిరిస్తోందనుకుని గట్టిగా అరిచాను. మధ్యాహ్నం వంటామె చెప్పింది, ‘లేదు’ అని అర్థమట. పక్కింటి పాప రాలేదని ఆ పిల్ల చెబుతోంది. ఆ మొహం ఇంకా కళ్ల ముందే ఉంది.

నేను ఎవరిని అడగాలి? సీనియర్ సార్‌కి రోజూ ఫోన్ చేయాలంటే మొహమాటం. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే చేతకాదనుకుంటారని భయం. మీరంతా మొదట్లో ఎలా నెట్టుకొచ్చారు?

బడిగంట_98

తల్లీ, మొదటి ఏడాది ఏడవని టీచర్‌ని నేను ఇంతవరకు చూడలేదు. నేను 98 డీఎస్సీ. అప్పట్లో నేను బాత్రూమ్‌లో ఏడ్చాను, అంతే తేడా. ఆ పాపకి సారీ చెప్పావా?

వలిసెపూలు_ఎస్జీటీ

చెప్పాను మేడం. తెలుగులో చెప్పాను. అర్థమైందో లేదో.

తెనాలి_లెక్కలు

సారీ ఏ భాషలో చెప్పినా పిల్లలకి తెలుస్తుందమ్మా.

ఇక పనికి వద్దాం. మూడో తరగతికి పాఠం చెప్పే పావుగంట మిగతా నాలుగు తరగతుల చేతుల్లో పని ఉండాలి. పొద్దున పిల్లలు రాకముందే ఐదు పనులు సిద్ధం చేసుకో. ఒకటి, రెండు తరగతులకి చింతపిక్కలు. పదేసి కుప్పలు పెట్టమను. నాలుగో తరగతికి ఒక పేరా చూసి రాయడం. ఐదో తరగతివాళ్లలో ఇద్దరిని ఒకటో తరగతి దగ్గర కూర్చోబెట్టు. బలపాలు ఒక డబ్బాలో వేసి ఐదో తరగతి పిల్లకి అప్పజెప్పు, ఆ ఏడుపు నీ దాకా రాదు.

తీసివేత బోర్డు మీద మొదలుపెట్టకు. 52 పుల్లలు ఇవ్వు. పదేసి కట్టలు ఐదు, విడిగా రెండు. 27 తీయమంటే వాళ్లే ఒక కట్ట విప్పుతారు. విప్పాక ‘ఇదే అప్పు’ అని చెప్పు. బోర్డు రెండో రోజు.

ఓరుగల్లు_పంతులమ్మ

వలిసెపూలు, మీ పోస్ట్ చదివితే నా పోయినేడు గుర్తొచ్చింది. నేను తెలంగాణ డీఎస్సీ 2024. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం తీసుకున్న పదివేల మందిలో నేనూ ఉన్నా. అమ్మానాన్న వచ్చారు, ఫోటోలు, ఏడుపులు, సంబరం. దసరా అయిపోయి స్కూల్‌కి పోతే రిజిస్టర్లు చేతిలో పెట్టి ‘నాలుగో తరగతి నీది’ అన్నరు. అంతే.

నా అదృష్టం ఏంటంటే పక్క గదిలో ఉన్న అక్క. ఆమెకి పద్దెనిమిదేండ్ల సర్వీసు. మొదటి వారం నాకు ఏం చెప్పలేదు. రెండో సోమవారం ‘నీ పిల్లల్ని తీసుకుని నా క్లాస్‌కి రా, వెనక కూర్చో’ అన్నది. నలభై నిమిషాలు కూర్చున్న. ఆమె ఏం చేసిందో చెబితే చాలా చిన్న విషయం అనిపిస్తది. పిల్లలు గొడవ చేస్తుంటే గొంతు పెంచలేదు, తగ్గించింది. వినపడక పిల్లలే ఒకర్నొకరు ‘ష్ ష్’ అనుకున్నరు. డీఎడ్‌లో ఆ మాట చదివిన, పరీక్షలో రాసిన, మార్కులు కూడా వచ్చినయ్. చూసింది మాత్రం ఆ రోజే.

తర్వాత ఆమె నా క్లాస్‌కి వచ్చి కూర్చుంది. నేను వణికిపోయిన. అయిపోయాక ఒక్కటే అడిగింది: ‘ఎడమవైపు చివరి వరుసలో పిల్లాడి పేరేంది?’ నాకు తెల్వదు. నెల రోజులైంది, తెల్వదు. ఆ రోజు నుంచి నేను నిలబడే చోటు మార్చిన.

మీకు కావాల్సింది అట్లాంటి మనిషి. ట్రైనింగ్ కాదు.

ప్రైవేట్_టీచర్_బెజవాడ

మీకు వారం ట్రైనింగైనా ఇచ్చారు. నేను చేరిన స్కూల్లో (పేరు చెప్పను) జూన్‌లో డెమో క్లాస్ అయిన మర్నాడే రోజుకి ఏడు పీరియడ్లు. లీజర్ పీరియడ్ అంటే ఎవరో రాని టీచర్ క్లాస్‌కి వెళ్లడం. నాతోపాటు చేరిన నలుగురిలో దీపావళికి ముగ్గురు మానేశారు. కొత్త టీచర్ల గురించి మాట్లాడేటప్పుడు మమ్మల్నీ కలుపుకోండి. మాకు డీఎస్సీ లేదు, మెంటర్ లేదు, ఏప్రిల్ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో కూడా తెలీదు.

బడిగంట_98

కలుపుకోవాల్సిందే. నా కోడలు ప్రైవేట్ స్కూల్లోనే చేస్తోంది. రాత్రి పదకొండింటికి కూడా పేరెంట్స్ గ్రూపులో మెసేజ్‌లకి జవాబులు ఇస్తూ ఉంటుంది.

హెచ్ఎం_అనంత

ఇక్కడ హెచ్ఎంల వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కాబట్టి రాస్తున్నాను. నాది హైస్కూల్. ఈసారి డీఎస్సీలో నలుగురు స్కూల్ అసిస్టెంట్లు (సబ్జెక్టు టీచర్లు) వచ్చారు. చాలా ఏళ్ల తర్వాత స్టాఫ్ రూమ్ నిండింది, ఎంత సంతోషమో చెప్పలేను. అయినా తప్పు చేశాను.

నలుగురిలో ఒక అబ్బాయి కంప్యూటర్ బాగా చూస్తాడు. మొదటి రోజే యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ ఎంట్రీ), మార్కుల ఎంట్రీ, భోజనం లెక్క, స్టూడెంట్ కిట్ల వివరాలు అన్నీ అతనికి ఇచ్చేశాను. మా సీనియర్లు కూడా ‘బాబూ, నాది కూడా ఒకసారి చూడు’ అని ఫోన్లు ఇచ్చేవారు. నవంబర్ మొదట్లో ఎనిమిదో తరగతి పిల్లలు వచ్చి ‘సార్, ఫిజిక్స్ సార్ మాకు ఎప్పుడు చెప్తారు?’ అని అడిగారు. అప్పుడు డైరీ చూశాను. రెండు వారాల్లో తొమ్మిది పీరియడ్లు పోయాయి.

అతను ఒక్కసారి కూడా ‘కుదరదు సార్’ అనలేదు. కొత్తవాళ్లు అనరు. ప్రొబేషన్‌లో ఉన్నాం, హెచ్ఎంకి ఎదురు చెప్పకూడదు అనుకుంటారు. అడగాల్సింది నేను. ఆ పనుల్ని ఇప్పుడు ఐదుగురికి పంచాను, ఒక భాగం నేనే చేస్తున్నాను. నేర్చుకున్నాను, 56 ఏళ్ల వయసులో.

తెనాలి_లెక్కలు

హెచ్ఎం గారూ, ఒక మాట ఒప్పుకోను. యాప్ పని కొత్తవాళ్లకి అస్సలు ఇవ్వకూడదంటే ఎలా? మాకు అయ్యేసరికి గంట పడుతుంది, వాళ్లు పది నిమిషాల్లో చేసేస్తారు. ఇచ్చిపుచ్చుకోవచ్చు కదా. మా దగ్గర కొత్త మేడం నా ఎంట్రీలు చేస్తుంది, ఆ టైమ్‌లో నేను ఆమె తరగతికి గుణింతాలు చెబుతాను.

ఓరుగల్లు_పంతులమ్మ

ఆ టైమ్‌లో ఆమె ఆఫీస్ గదిలో కూర్చుంటే ఆమె క్లాస్ మీరు చెప్పినట్టు, ఆమె నేర్చుకున్నట్టు కాదు సార్. మీరు చెబుతుంటే ఆమె వెనక కూర్చోవాలి. ఎంట్రీలు సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేయండి, మీకూ వస్తది.

తెనాలి_లెక్కలు

...సరే, ఇది న్యాయంగా ఉంది. రేపు ఆమెతో మాట్లాడతాను.

బడిగంట_98

తెనాలి మాస్టారు ఒప్పుకున్నారు! తేదీ రాసి పెట్టుకోండి అందరూ 😄

మాది_398

చాలా కాలం తర్వాత లాగిన్ అయ్యాను. కొత్త పిల్లలకి తెలియకపోవచ్చు, 398 అంటే మా జీతం. స్పెషల్ టీచర్లుగా నెలకి 398 రూపాయలకి చేరినవాళ్లం. నేను చేరింది 1986లో. గది లేదు, రావిచెట్టు కింద రెండు తరగతులు, ఊళ్లో ఒక రైతు ఇంటి అరుగు మీద రెండు. మాకు శిక్షణా లేదు, మెంటరూ లేడు. ‘మేం పడ్డాం కదా, మీరూ పడండి’ అని మాత్రం ఎప్పుడూ అనను. మేం పడ్డ కష్టంలో సగం మా పిల్లల చదువు మీద పడింది. మొదటి రెండేళ్లలో నా చేతికింద వెళ్లిన పిల్లలకి నేను సరిగ్గా చదువు చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నన్ను టీచర్‌ని చేసింది ఉపాధ్యాయ కేంద్రం. ఏపీపీఈపీ అని ప్రైమరీ చదువుల మీద ఒక ప్రాజెక్టు వచ్చింది, ఆ తర్వాత తొంభైలలో డీపీఈపీ అని అలాంటిదే ఇంకోటి. చుట్టుపక్కల బళ్లవాళ్లం ఒక చోట కలిసేవాళ్లం. మొదట్లో అందరం టీ తాగి సంతకం పెట్టి వచ్చేశాం, అది నిజం. తర్వాత మా కేంద్రంలో ఒక పెద్దాయన రూల్ పెట్టారు. వచ్చిన ప్రతిసారీ ఒకరు నిజం పిల్లలతో నిజం పాఠం చెప్పాలి, మిగతావాళ్లం చూడాలి. పాఠం బాగా వచ్చేవాళ్లతో చెప్పించేవారు కాదు. ‘మీకు ఏది రాదో అది చెప్పండి’ అనేవారు. నాకు పద్యం రాగంతో చదవడం రాదు. వేమన పద్యం చెప్పాను. పిల్లలు నవ్వారు, టీచర్లు నవ్వారు. తర్వాత ఒకామె లేచి అదే పద్యం పిల్లలతో చప్పట్లు కొట్టిస్తూ చెప్పింది. మర్నాడు నా బడిలో అలాగే చెప్పాను.

ఇప్పుడు చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లు ఉన్నాయి కదా. అందులో ఎంతసేపు పాఠం ఉంటుంది, ఎంతసేపు సర్క్యులర్లు ఉంటాయి? సర్వీసులో ఉన్నవాళ్లే చెప్పాలి.

హెచ్ఎం_అనంత

మాస్టారూ, నమస్కరించాలనిపిస్తోంది. మా కాంప్లెక్స్‌లో డెమో ఉంటుంది, కానీ ఎప్పుడూ బాగా చెప్పే ఒకే మేడంతో చెప్పిస్తాం. మీ పెద్దాయన రూల్ నాకు తట్టలేదు.

లీడ్స్_లెక్కలు

మాది నరసరావుపేట దగ్గర. ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూల్లో మ్యాథ్స్ చెబుతున్నాను. ఇక్కడ పీజీసీఈ (టీచర్ ట్రైనింగ్ కోర్సు) చేసి చేరాను. 2021 సెప్టెంబర్ నుంచి కొత్త టీచర్లకి రెండేళ్ల ఇండక్షన్ ఉంది, అంతకుముందు ఏడాదే. మొదటి ఏడాది మామూలు టైమ్‌టేబుల్‌లో పది శాతం, రెండో ఏడాది ఐదు శాతం పీరియడ్లు తగ్గిస్తారు. ఆ టైమ్ వేరే క్లాసులు చూడడానికి, మెంటర్‌తో కూర్చోవడానికి. మొదటి ఏడాది వారం వారం మెంటర్ మీటింగ్.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే విషయం. మెంటర్ వేరు, మనల్ని అంచనా వేసి రిపోర్ట్ రాసే ట్యూటర్ వేరు. నా మెంటర్‌కి నేను ‘ఇయర్ 9 క్లాస్ అంటే భయంగా ఉంది, ఆదివారం రాత్రి నిద్ర పట్టట్లేదు’ అని చెప్పగలిగాను. రిపోర్ట్ రాసే మనిషికి ఆ మాట ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు.

తెనాలి_లెక్కలు

ఇంగ్లండ్ సంగతి బాగుందమ్మా, కానీ మన దగ్గర ఇద్దరు టీచర్ల బడిలో పది శాతం పీరియడ్లు ఎవరికి తగ్గిస్తారు, ఎవరు తీసుకుంటారు? వలిసెపూలు బడిలో ఆమె బయటికి వెళితే 31 మంది ఒంటరిగా ఉండాలి.

లీడ్స్_లెక్కలు

ఇక్కడ కూడా అంతా సాఫీగా ఏం లేదు మాస్టారూ. మెంటర్‌కి టైమ్ లేక కారిడార్‌లో నడుస్తూ మాట్లాడుకున్న వారాలున్నాయి. నేను పీరియడ్ల గురించి పట్టుబట్టట్లేదు. భయం చెప్పుకునే మనిషి, రిపోర్ట్ రాసే మనిషి ఒకరే కాకూడదు అంటున్నాను. దానికి డబ్బులు అక్కర్లేదు కదా.

హెచ్ఎం_అనంత

లీడ్స్ మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా కొత్తవాళ్లు నా దగ్గర అంతా బాగుందనే అంటారు. అసలు సంగతి అటెండర్‌కి చెబుతారు. వచ్చే వారం నుంచి నలుగురికీ నలుగురు సీనియర్లను జత చేస్తాను, వాళ్లు నాకు ఏమీ చెప్పనక్కర్లేదని కూడా చెబుతాను.

కొండకోన_మాస్టారు

వలిసెపూలు మేడం, నేను పాడేరు ఏజెన్సీలోనే పుట్టి పెరిగి, ఇక్కడే 14 ఏళ్లుగా చేస్తున్నాను. మా ఇంట్లో కువి భాష, బయట ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు. ఒకటో తరగతిలో నేనూ ఆ పాపలాగే నిలబడ్డాను. మా టీచర్ కొట్టారు కూడా. మీరు అరిచినందుకు బాధపడుతున్నారు, అదే చాలు.

కొన్ని మాటలు చెబుతాను. ఒకటి, వంటామెను వదలకండి. మీ బడిలో మీకు మొదటి మెంటర్ ఆమే. ఏ పిల్ల ఎవరి ఇంటిది, ఎవరి తల్లి పోయింది, ఎవరు అంబలి తాగి వస్తారు, ఎవరు ఖాళీ కడుపుతో వస్తారు అన్నీ ఆమెకి తెలుసు. రోజుకి ఐదు మాటలు ఆమె దగ్గర నేర్చుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. నీళ్లు, కూర్చో, రా, నొప్పి, ఇల్లు. పిల్లల ముందు తప్పుగా పలకండి. వాళ్లు నవ్వి సరిచేస్తారు. ఆ రోజు నుంచి వాళ్లు కూడా తెలుగు తప్పుగా మాట్లాడడానికి సిగ్గుపడరు.

రెండు, కాఫీ పళ్లు కోసే రోజులు ఇవి. సంక్రాంతి దాటేదాకా పెద్ద పిల్లలు తోటలకి వెళతారు. సంత రోజు సగం బడి ఖాళీ. అది మీ వల్ల అనుకోకండి. పిల్లలు తక్కువున్న రోజుల్ని వాడుకోండి, ఒకటో తరగతివాళ్లతో దగ్గరగా కూర్చోవడానికి అంతకంటే మంచి రోజు దొరకదు.

మూడు, ఉమ్మడి రాష్ట్రంలోనే 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. కువిలో, ఆదివాసీ ఒరియాలో తెలుగు లిపితో ప్రైమరీ పుస్తకాలు వచ్చాయి. మీ బడి బీరువాలో అడుగున ఉండొచ్చు, దుమ్ము దులిపి చూడండి. బొమ్మలు మన కొండల్లోవే, పిల్లలు గుర్తుపడతారు.

బడిగంట_98

బీరువా అడుగున! ప్రతి బడిలో మంచి సామాను అంతా అక్కడే ఉంటుంది. మా దగ్గర టీఎల్ఎం (బోధనా సామగ్రి) పెట్టె ఒకటి ఆరేళ్లు తాళంతో ఉండిపోయింది. పాడైపోతుందని ఎవరూ తీయలేదు.

కేజీబీవీ_రాత్రిబడి

హాస్టల్ ఉన్న స్కూళ్ల గురించి కూడా ఒక మాట. మా కేజీబీవీలో కొత్త టీచర్‌కి మొదటి నెలలోనే నైట్ డ్యూటీ పడుతుంది. రాత్రి ఒంటి గంటకి ఒక పిల్లకి జ్వరం వస్తే ఎవరిని లేపాలి, ఏ ఆటో అతని నంబర్‌కి చేయాలి, 108 రావడానికి ఎంతసేపు పడుతుంది అని ఎవరూ చెప్పరు. నేను చేరినప్పుడు మా ఏఎన్ఎం అక్క ఒక కాగితం మీద పది నంబర్లు రాసి తలుపు వెనక అంటించింది. ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు ఆ కాగితం ఇస్తాం. ఆరేళ్లలో మూడుసార్లు మార్చి రాశాం.

సిక్కోలు_కుర్రాడు

నేనూ అదే డీఎస్సీ. పాఠం సంగతి తర్వాత, జీతం సంగతి ఎవరైనా మాట్లాడతారా? చేరి నెల దాటింది. జీతం బిల్లుకి సీఎఫ్ఎంఎస్ ఐడీ అన్నారు, పెన్షన్ ఖాతాకి ప్రాన్ నంబర్ అన్నారు, ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టర్) ఓపెన్ చేయాలన్నారు. ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను, ప్రతిసారీ ఒక జిరాక్స్ తక్కువ. రూమ్ అద్దె అడ్వాన్స్ నాన్న దగ్గర తీసుకున్నాను. ఉద్యోగం వచ్చాక కూడా నాన్నని అడగడం ఎంత కష్టంగా ఉందో.

హెచ్ఎం_అనంత

బాబూ, ఒక్కొక్కటీ విడిగా తిరగకు. నియామక ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్ట్, సర్టిఫికెట్ల కాపీలు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోటోలు, అన్నీ ఐదేసి సెట్లు ఒక ఫైల్‌లో పెట్టుకో. సీపీఎస్ పెన్షన్‌కి ప్రాన్ దరఖాస్తు, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) ఫారం కూడా అందులోనే. నామినీ పేరు అన్నిట్లో ఒకేలా రాయి. స్పెల్లింగ్ తేడా వస్తే తర్వాత ఇరవై ఏళ్లకి తలనొప్పి. ఎస్ఆర్‌లో నీ పుట్టిన తేదీ, చేరిన తేదీ రాసినప్పుడు పక్కనే నిలబడి చదువుకుని సంతకం పెట్టు.

నిజానికి ఇది హెచ్ఎం గానీ సీనియర్ గానీ ఒక పూట వెంట వెళ్లి చేయించాల్సిన పని. మా స్కూల్లో గుమస్తా నలుగురి ఫైళ్లూ కలిపి ఒకేసారి తీసుకెళ్లాడు, ఒక్క రోజులో అయిపోయింది.

మాది_398

సిక్కోలు బాబూ, మీ స్కూల్లో సీనియర్లని మొహమాటం లేకుండా చేబదులు అడుగు. నాకు మొదటి నాలుగు నెలలు మా హెడ్మాస్టారు ఇంట్లోనే భోజనం. జీతం వచ్చాక డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ‘నీ తర్వాత వచ్చేవాడికి పెట్టు’ అన్నారు. నా సర్వీసంతా కొత్తగా వచ్చినవాళ్లకి మా ఇంట్లో మొదటి నెల భోజనం. మా ఆవిడని అడిగితే లెక్క చెబుతుంది.

సిక్కోలు_కుర్రాడు

మాస్టారూ... ఏం రాయాలో తెలియట్లేదు. రేపు మా సార్‌ని అడుగుతాను.

ప్రైవేట్_టీచర్_బెజవాడ

398 మాస్టారూ, మీ ఇంట్లో అమ్మకి మా అందరి తరఫున దండాలు.

మోడల్_ప్రైమరీ_కృష్ణా

నాది ఈ ఏడాది మోడల్ ప్రైమరీ స్కూల్ అయ్యింది, తరగతికి ఒక టీచర్. అందుకే నేను చెప్పేది వలిసెపూలుకి పనికిరాకపోవచ్చు. మాకు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. మొదట్లో మేం చేసిన తప్పు, వాళ్లకి ఒకటో తరగతి ఇవ్వడం. ఎవరూ తీసుకోరు కదా, కొత్తవాళ్లకి ఇచ్చేద్దాం అని. బడిలో అన్నిటికంటే కష్టమైన తరగతి అది. ఏడ్చే పిల్లలు, అక్షరం పట్టని చేతులు. పదిహేను రోజులకి మా హెచ్ఎం మార్చేశారు. ఇప్పుడు ఒకటో తరగతి నాది, 22 ఏళ్ల సర్వీసు నాకు. కొత్త మేడం మూడో తరగతిలో నవ్వుతూ కనిపిస్తోంది.

ఓరుగల్లు_పంతులమ్మ

ఇది పెద్ద అక్షరాలతో రాయాలి. మా దగ్గర కూడా ఒకటో తరగతి కొత్తవాళ్లకే. తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) అంతా నిలబడేదే ఆ తరగతుల మీద, అక్కడే అనుభవం లేనివాళ్లని పెడుతున్నం.

తెనాలి_లెక్కలు

ఒకటో తరగతి చెప్పగలిగినవాళ్లు దేన్నైనా చెప్పగలరు. అయితే కొత్తవాళ్లను అసలు పెట్టొద్దు అనను. ఒక సీనియర్‌తో కలిసి పెట్టాలి. లేకపోతే వాళ్లెప్పటికి నేర్చుకుంటారు?

వలిసెపూలు_ఎస్జీటీ

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే తప్పు.

తెనాలి మాస్టారు చెప్పినట్టు బలపాల డబ్బా ఐదో తరగతి పాపకి ఇచ్చాను. ఆ పిల్ల దానికి దారం కట్టి మెళ్లో వేసుకుని తిరుగుతోంది. పుల్లల కట్టలు కూడా చేశాం, వంటామె వాళ్ల పాకలోంచి వెదురు చీల్చి ఇచ్చింది. 52లోంచి 27 తీయమంటే ఒక బాబు కట్ట విప్పకుండా పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పెయ్యబోయాను, ఆగాను. చివరికి రబ్బరు బ్యాండ్ తీసి, వేళ్ల మీద లెక్కపెట్టి ‘పన్నెండు’ అన్నాడు. నేను ఏడవలేదు కానీ ఏడ్చినంత పనైంది.

బీరువా అడుగున కువి పుస్తకాలు రెండు దొరికాయి, కొండకోన మాస్టారూ. ఒకదానికి చెదలు పట్టింది. రెండోది బాగుంది. ‘నాయ్’ అన్న పాపే దాన్ని మిగతావాళ్లకి చదివి వినిపిస్తోంది. ఆ ఇంట్లో కువి, ఒరియా రెండూ మాట్లాడతారట.

భయపడుతూనే కాంప్లెక్స్ మీటింగ్‌లో నోరు తెరిచాను. ‘ఐదు తరగతులు ఒకే గదిలో ఎలా చెబుతారో ఎవరిదైనా ఒక రోజు చూడాలి’ అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆరు కిలోమీటర్ల అవతల సింగిల్ టీచర్ స్కూల్ మేడం ‘మా బడికి రా అమ్మా’ అన్నారు. మా సీనియర్ సార్ తన రెండు రోజుల్లో ఒక రోజు మొత్తం నా తరగతులు చూసుకుంటానన్నారు, ఎంఈఓ సార్ ఆన్ డ్యూటీ ఇచ్చారు. అనవసరంగా ఇన్నాళ్లు భయపడ్డాను.

ఆ మేడం బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. మంచు తగ్గేదాకా ఆమె పిల్లల్ని లోపల కూర్చోబెట్టరు. పది దాకా వరండాలో ఎండ పడే చోట అందరూ కలిసి పాట, కథ, నోటి లెక్కలు. ఆ తర్వాతే తరగతులు విడిపోతాయి. నేనేమో తొమ్మిదింటికే చలిగదిలో ఐదు ముక్కలు చేసి కూర్చోబెడుతున్నాను!

కొండకోన_మాస్టారు

చెదలు పట్టిన పుస్తకం పారేయకండి. నా దగ్గర ఆ సెట్ ఉంది, జిరాక్స్ తీయించి పంపుతాను.

లీడ్స్_లెక్కలు

వరండాలో ఎండ! ఇక్కడ జనవరిలో ఆ మాట చదువుతుంటే అసూయగా ఉంది. ఆ మేడంని కూడా మీ బడికి పిలవండి, ఊరికే చూడమనండి.

వలిసెపూలు_ఎస్జీటీ

పిలిచాను. సంక్రాంతి సెలవులయ్యాక వస్తానన్నారు. ఈసారి భయంగా లేదు, కొంచెం టెన్షన్ మాత్రం ఉంది.

తెనాలి_లెక్కలు

మా కొత్త మేడం సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు నేను చెబుతుంటే వెనక కూర్చుంటోంది. నిన్న క్లాస్ అయ్యాక ‘మాస్టారూ, మీరు అమ్మాయిల వైపు ప్రశ్నలు తక్కువ అడుగుతున్నారు’ అంది. 24 ఏళ్లుగా నాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ లెక్కపెట్టుకున్నాను. నిజమే.

ఓరుగల్లు_పంతులమ్మ

మాస్టారూ 🙏

రాజాం_కొత్త_టీచర్

ఇన్ని రోజులు చదువుతూ ఉన్నాను, ఇవాళే అకౌంట్ తెరిచాను. నేనూ అదే బ్యాచ్, సింగిల్ టీచర్ స్కూల్, 14 మంది పిల్లలు. మా చుట్టుపక్కల ఎవరైనా వాళ్ల క్లాస్ ఒక రోజు చూడనిస్తారా?

సిక్కోలు_కుర్రాడు

రాజాం నుంచి మాకు బండి మీద నలభై నిమిషాలు. మా సార్ బాగా చెబుతారు, అడిగి రేపు సాయంత్రానికి చెబుతాను. అన్నట్టు జీతం పడింది.

మాది_398

అయితే ఆ పిల్ల వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం నీదే బాబూ.